తూకం కాడ

కిలో నలభై లెక్కన కొన్నాను
ఎనిమిది కంప్యూటర్లు,
గుత్తి రోడ్డు పక్క బాబ్జాన్ తుక్కు కొట్లో.
ఎప్పుడో మూతపడిన నెట్ సెంటర్‌వి.
ఒకదాని నుదుట ఇంకా అతికే ఉంది:
గంటకు పదిహేను, ప్రింటుకు మూడు.
ముల్లు ఊగి ఊగి నిలిచేదాకా
బాబ్జాన్ ఊపిరి బిగబట్టాడు, నేనూ.
"సినిమాలకా సార్?"
"లెక్కలకు."
కిలోకి రెండు రూపాయలు తగ్గించాడు.

కళ్యాణదుర్గం పాలిటెక్నిక్‌లో
విరిగిన డ్రాయింగు బల్లలు పేర్చిన గదిలో
కిరాణా కొట్టు ఇనుప ర్యాకు నిలబెట్టాం.
ఏడో దాని పొట్టలో రెండు బల్లి గుడ్లు.
ఎర్రిస్వామి ఇంట్లో కూలర్ ఫ్యాను విప్పి తెచ్చాడు;
వాళ్ల నాయన మూడు రోజులు వాడితో మాట్లాడలేదు.
వైరు కొసకు ఎనిమిది రంగుల పోగులు.
నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు,
వరస తప్పితే అవతలివాడు పలకడు.
పిల్లలు ఎక్కంలా బట్టీ పట్టారు.

బోర్డు మీద రాశాను: సమాంతర గణన.
ఆ కింద:
కోటి లోపల ప్రధాన సంఖ్యలు ఎన్ని?
ఒక్క యంత్రానికి పదకొండు నిమిషాలు పట్టింది.
ఎనిమిదీ కలిస్తే?
"నిమిషంన్నర సార్!"
ముందు బెంచీకి భాగహారం మీద అంత నమ్మకం.
మీట నొక్కాం.
స్విచ్చు మీద పచ్చ దీపాలు
మంగలంలో జొన్న పేలాల్లా ఎగిరాయి.
పదకొండు దాటింది. పందొమ్మిది. గంట కొట్టారు,
ఎవరూ లేవలేదు.
ఇరవై ఆరో నిమిషంలో జవాబొచ్చింది.
సరైన జవాబే. సిగ్గు అందుకే.

సుద్దముక్క తీశాను, మళ్లీ పెట్టాను.
నేను చదివిందంతా వేగం గురించే.

అప్పుడు లేచింది హనుమక్క,
ముంగారుకు ముందు విత్తనం బుడ్డలు ఒలిచి
వేలికొసలు కాయలు కాసిన పిల్ల.
"మా కాడ ఇరవై మందిమి ఒలుస్తాం సార్.
తూకం ఒగటే.
ఒగో గింజ పట్టుకోని తూకం కాడికి పోతా ఉంటే
పని ఎప్పటికి తెల్లారేది?
చేట నిండినాకే లేయాల."

ప్రోగ్రాం మళ్లీ చదివాను.
ఒక్కో అంకెకూ ఒక్కో కబురు.
అన్నీ ఒకటో దాని గడప ముందు
గింజ చేతబట్టుకుని నిలబడి ఉన్నాయి.

చేట కొలత లక్ష అనుకున్నాం.
రెండు నిమిషాల పది సెకన్లు.

చప్పట్లు కొట్టబోయిన చేతుల మధ్య నుంచి
ఎర్రిస్వామి అడిగాడు:
"మిగతా నలభై సెకన్లు యాడికి పోయినాయి?"
కొన్ని తూకం కాడ.
ఇరవై మంది వచ్చినా, నూరు మంది వచ్చినా
అది ఒకటే కదా.
కొన్ని ఏడో దాని దగ్గర.
ముసలిది. వేడెక్కితే తల పట్టుకుని కూర్చుంటుంది;
తక్కినవి పని ముగించుకుని
దాని మొహం చూస్తూ ఉంటాయి.
"తీసేద్దాం సార్" అన్నారు మగపిల్లలు.
"మారెక్కవ్వకు సగం మూటే పోస్తారు" అంది హనుమక్క.
"లేసి పొమ్మనరు."
సగం మూట పోశాం.
నిమిషం నలభై ఎనిమిది.

ఆ నెల పరీక్షలో అడిగాను:
ఒకామె దగ్గర చేట, ఇంకొకామె దగ్గర జల్లెడ.
ఇద్దరికీ రెండూ కావాలి, ఎవరూ చేతిది వదలరు.
ఏమవుతుంది?
ఎవరో రాశారు: కొట్లాడుకుంటారు.
అర మార్కు వేశాను.
ఇంటికి పోతూ దారిలో అనిపించింది,
యంత్రాలు కొట్లాడుకోవు,
రాత్రంతా మర్యాదగా ఎదురుచూస్తాయని.

మార్చి ఆఖర్లో స్టాకు రిజిస్టరు పట్టుకుని
సూపరింటెండెంటు హంపయ్య పైకొచ్చాడు,
మెట్లకు ఆయాసపడుతూ.
"ఎన్నని రాసేది సార్? ఎనిమిదా, ఒకటా?"
ర్యాకు వైపు చూశాను.
కూలర్ ఫ్యాను గడగడమంటోంది.
ఏడో దాని దీపం ఆరి, కాసేపాగి, వెలిగింది.
"పెన్సిలుతో రాయండి" అన్నాను.